షెరిడన్ నాటకం బచేలిలో ఎందుకు చదవాలి?

ఇది అభిప్రాయ వ్యాసం. ఇందులో చెప్పిన ప్రతి మాటనూ మీరు ఒప్పుకోవాలని లేదు. రచయిత ఏ కారణాలతో ఒక నిర్ణయానికి వచ్చారో గమనించండి. ఆ కారణాలు మీకు సరిపోయినవిగా తోస్తున్నాయో లేదో ఆలోచించండి. చివర ఇచ్చిన ప్రశ్నలకు మీ సొంత మాటల్లో జవాబులు రాయండి.

1. ప్రశ్న

బైలాడీల కొండల కింద ఉన్న ఊరు బచేలి. ఎద్దు మూపురంలా కనిపించే ఆ కొండల్లోంచి తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. 1960లలో వేసిన ఈ మార్గం పొడవు సుమారు 445 కిలోమీటర్లు. ఖనిజం కిందికి దిగిన దారిలోనే మనుషులు పైకి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, సంతలో హల్బీ, గోండీ, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు. ఇక్కడి మనిషికి ఒక రోజులో నాలుగు భాషలు వినడం కొత్త కాదు.

ఇలాంటి చోట డ్యూటీ చేసుకొంటూనో, పిల్లల్ని పెంచుకొంటూనో దూరవిద్య ద్వారా డిగ్రీ చదివేవారు ఉంటారు. వారిలో ఆంగ్ల సాహిత్యం ఎంచుకొన్నవారికి ఒక దశలో ‘రెస్టరేషన్ నాటకం’, ‘పద్దెనిమిదో శతాబ్దపు నాటకం’ అనే పాఠాలు ఎదురవుతాయి. పుస్తకం తెరిస్తే పట్టుచొక్కాలు, పొడవాటి విగ్గులు, లండన్ వినోదశాలలు, పనీపాటా లేని ప్రభువులు. మనిషికి సహజంగానే ఒక అనుమానం కలుగుతుంది. మూడు వందల ఏళ్ల కిందట లండన్‌లో ధనవంతులు నవ్వుకోవడానికి రాసుకొన్న నాటకాలతో నాకేం పని?

ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని తోసిపుచ్చి, గైడులో ఉన్న పది ప్రశ్నలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కడం ఒక దారి. చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ దారి మీకు మార్కులిచ్చి నాటకాన్ని మీ దగ్గరనుంచి లాగేసుకొంటుందని నా అభిప్రాయం. ఈ నాటకాలు మనకు పనికివస్తాయి. అయితే లండన్ విద్యార్థి చదివినట్లు మనం చదవనక్కర్లేదు. మన వైపు నుంచి, మన ప్రశ్నలతో చదవాలి. ఎందుకో, ఎలాగో చూద్దాం.

2. మూతపడిన తలుపులు తెరుచుకొన్న కాలం

ముందుగా చరిత్ర క్లుప్తంగా. 1642లో ఇంగ్లండ్ పార్లమెంటు నాటకశాలలను మూసివేయించింది. అంతర్యుద్ధం జరిగింది, రాజుకు మరణశిక్ష పడింది, కొంతకాలం రాజు లేని పాలన నడిచింది. 1660లో రెండవ చార్లెస్ తిరిగి గద్దె ఎక్కాడు. రాచరికం తిరిగి నిలబడింది కాబట్టి ఆ కాలాన్ని రెస్టరేషన్, అంటే పునఃస్థాపన యుగం, అన్నారు. రాజు ఇద్దరికి, టామస్ కిల్లిగ్రూకీ విలియం డావెనెంట్‌కీ, నాటక సంఘాలు నడుపుకొనే అధికారపత్రాలు ఇచ్చాడు.

ఆ సంవత్సరమే మరో పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు ఇంగ్లండ్‌లో వృత్తి నాటకశాలల మీద స్త్రీపాత్రలను అబ్బాయిలే వేసేవారు. 1660 చివరినుంచి స్త్రీలే వేయడం మొదలైంది. తెలుగువారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. మన దగ్గర స్థానం నరసింహారావు గారి వంటి మహానటులు స్త్రీపాత్రలకు పేరు పొందారు. మరోవైపు 1885లో కడప ప్రాంతంలో పుట్టిన సురభి సమాజం కుటుంబాల సమాజం కాబట్టి అందులో స్త్రీపాత్రలు స్త్రీలే ధరించారు. రంగస్థలం మీదికి స్త్రీ వచ్చినప్పుడు నాటకంలో ఏం మారింది, సమాజం ఆమెను ఏమన్నది అన్న ప్రశ్న రెండు దేశాలకూ ఉంది.

రాసేవారిలోనూ స్త్రీ వచ్చింది. ఆఫ్రా బెన్ 1677లో ‘ది రోవర్’ అనే నాటకం ఇచ్చింది. ఆమె రాజు తరఫున ఆంట్‌వెర్ప్‌లో గూఢచారిగా పనిచేసి అప్పుల పాలైంది. తర్వాత కలం మీద బతికింది. ఇంగ్లండ్‌లో రచనను జీవనోపాధిగా చేసుకొన్న తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

ఆ యుగపు ప్రహసనాలలో విలియం వైచర్లీ ‘ది కంట్రీ వైఫ్’ (1675), జార్జ్ ఎథరెజ్ ‘ది మ్యాన్ ఆఫ్ మోడ్’ (1676), విలియం కాంగ్రీవ్ ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ (1700) ముఖ్యమైనవి. తరువాతి శతాబ్దంలో జాన్ గే ‘ది బెగ్గర్స్ ఒపెరా’ (1728), ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘షీ స్టూప్స్ టు కాంకర్’ (1773), రిచర్డ్ బ్రిన్‌స్లీ షెరిడన్ ‘ది రైవల్స్’ (1775), ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’ (1777) వచ్చాయి. ఈ పేర్లూ సంవత్సరాలూ పరీక్షకు అవసరమే. కానీ ఇవే చదువు కాదు.

3. గోదావరి ఒడ్డుకు వచ్చిన షెరిడన్

ఈ నాటకాలు మనకు పరాయివి అనేవారు ఒక సంగతి మరచిపోతారు. ఇవి మన దగ్గరికి ఎప్పుడో వచ్చాయి. తీసుకొచ్చినవాడు కందుకూరి వీరేశలింగం.

వీరేశలింగం గారు (1848–1919) షెరిడన్ ‘ది రైవల్స్’ను ‘కల్యాణ కల్పవల్లి’గా, అదే రచయిత ‘ది డ్యూయెన్నా’ను ‘రాగమంజరి’గా తెలుగు చేశారు. గోల్డ్‌స్మిత్ నవల ఒకటి ఆయన ‘రాజశేఖర చరిత్రము’నకు ఆధారమైంది. 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులతో తెలుగు నాటక ప్రదర్శన చేయించినవారు కూడా ఆయనే. అంటే ఆధునిక తెలుగు రంగస్థలం కళ్లు తెరుస్తున్న రోజుల్లోనే షెరిడన్ దాని పక్కన ఉన్నాడు.

వీరేశలింగం గారు ఈ నాటకాలనే ఎందుకు ఎంచుకొన్నారు? కథలు చూడండి. ‘ది డ్యూయెన్నా’లో తండ్రి డబ్బున్నవాడికి కూతుర్ని కట్టబెట్టాలని పట్టుబడతాడు. కూతురు మారువేషంలో ఇల్లు దాటి, తాను కోరినవాడిని చేసుకొంటుంది. ‘ది రైవల్స్’లో లిడియా అనే అమ్మాయి అద్దె పుస్తకాలు తెచ్చుకొని నవలలు చదువుతుంది. ఆడపిల్లలు అలా చదివితే చెడిపోతారని పెద్దలు వాపోతారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషికి ఈ కథలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. పెళ్లి ఎవరు నిర్ణయించాలి? ఆడపిల్ల చదవవచ్చా? లండన్‌లో అవి నవ్వు పుట్టించే ప్రశ్నలు. గోదావరి ఒడ్డున అవి ఇళ్లలో తగవులు పెట్టే ప్రశ్నలు.

ఇక విజయనగరం సంగతి. బచేలి నుంచి రైలు దిగువకు వెళ్లి చేరే కొత్తవలస ఆ జిల్లాలోనిదే. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదట 1892లో విజయనగరంలోనే ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. బాగా పెంచి తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. అది ఏ ఇంగ్లీషు నాటకానికీ అనువాదం కాదు. అయినా రెస్టరేషన్ ప్రహసనం చదివినవారు ‘కన్యాశుల్కం’ దగ్గరికి వస్తే తెలిసిన వీధిలోకి వచ్చినట్లుంటుంది. బేరంగా మారిన పెళ్లి, మాటకారి మోసగాడు, మగవాళ్లందరికంటే తెలివైన స్త్రీ, పరువు చాటున దాక్కొన్న ఆశ. మరీ ముఖ్యంగా, మనుషులు నిజంగా మాట్లాడే భాషలో సంభాషణ. గురజాడ తన మొదటి కూర్పుకు ఇంగ్లీషులో పీఠిక రాసి, వాడుక భాష నాటకానికి ఎందుకు తగినదో వాదించారు.

అందుచేత నా మొదటి వాదం ఇది. తెలుగు పాఠకుడు ఈ పాఠాన్ని లండన్ నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. రాజమహేంద్రవరం నుంచి, విజయనగరం నుంచి మొదలుపెట్టవచ్చు. ‘కన్యాశుల్కం’ తెలిసిన మనిషికి కాంగ్రీవ్ సగం తెలిసినట్లే.

4. ఎవరిని చూసి నవ్వుతున్నాం?

రెండో వాదం కొంచెం ఇబ్బందికరమైనది. కానీ వయోజన అభ్యాసకులకు ఇదే అన్నింటికంటే ముఖ్యమని నేననుకొంటాను.

‘ది రైవల్స్’లో మిసెస్ మాలాప్రాప్ అనే పాత్ర ఉంది. ఆమెకు పెద్ద పెద్ద మాటలు వాడాలని మోజు. కానీ ఒక మాట అనబోయి దాని పోలికలో ఉన్న వేరే మాట అంటుంది. మన భాషలో చెప్పాలంటే, సభలో ఒక పెద్దమనిషి లేచి ముఖ్య అతిథికి ‘అభినందన’ తెలుపుతున్నాం అనబోయి ‘అభిశంసన’ తెలుపుతున్నాం అన్నట్లు. రెండు వందల యాభై ఏళ్లుగా ప్రేక్షకులు ఆమెను చూసి కడుపుబ్బ నవ్వుతున్నారు. ఆమె పేరు మీదుగా ఇంగ్లీషులో ‘మాలాప్రాపిజం’ అనే మాటే పుట్టింది.

మీరు ఒక్క క్షణం ఆగండి. పెద్దయ్యాక చదువు మొదలుపెట్టిన మనిషి, పుస్తకంలో చూసిన మాటను ఎవరూ పలకగా వినని మనిషి, నలుగురిలో దాన్ని వాడితే ఏమవుతుంది? ఒక్కోసారి తప్పు దొర్లుతుంది. అప్పుడు గదిలో ఎవరో పెదవి కొరుక్కొంటారు. ఆ నవ్వు మీలో కొందరికి తెలుసు. దానికి భయపడి నోరు విప్పనివారు ఇంకెందరో. మరి మిసెస్ మాలాప్రాప్‌ను చూసి మనం ఎటువైపు నిలబడి నవ్వాలి?

ఆమె కాలంలో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసి ఉన్నాయి. ఆమె తన మాటలను వినికిడి మీద, అరకొర పుస్తకాల మీద ఏరుకొన్నది. తలుపు మూసినవారే లోపలికి రాలేకపోయినదాన్ని చూసి నవ్వారు. ఇది ఒక వైపు. మరో వైపు కూడా ఉంది. ఆమె తన మేనకోడలు లిడియా మీద పెత్తనం చేస్తుంది. ఆడపిల్లకు చదువు మితిమీరకూడదంటుంది. అధికారం చూపడానికి భాషను వాడుతుంది. షెరిడన్ వెక్కిరించింది చదువు లేకపోవడాన్నా, లేని చదువుతో దర్పం చూపడాన్నా? రెండింటినీ కలిపి వెక్కిరించాడని నా ఉద్దేశం. మనం ఆ రెంటినీ విడదీసి చదవాలి. దర్పాన్ని చూసి నవ్వుదాం. తప్పు పలకడాన్ని చూసి నవ్వవద్దు.

‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని పక్కన పెట్టి చూడండి. అతను ఇంగ్లీషు ముక్కలు విసిరి వెంకటేశాన్ని, వాడి తల్లిదండ్రులను బోల్తా కొట్టిస్తాడు. అతని ఇంగ్లీషు తప్పు కావడం కాదు అక్కడ నవ్వు. ఆ ఇంగ్లీషు దేనికి వాడుతున్నాడో అది. గురజాడ వెక్కిరింత ఈ విషయంలో షెరిడన్ కంటే గురిగా తగిలిందని నేనంటాను. మీరు ఒప్పుకొంటారా?

ఇదే ప్రశ్నను మిగతా నాటకాలకూ వేయండి. రెస్టరేషన్ ప్రహసనంలో పల్లెటూరివాడు దాదాపు ఎప్పుడూ మొద్దు. పట్నంవాడు చమత్కారి. ‘ది డ్యూయెన్నా’లో పెళ్లికొడుకుగా వచ్చిన యూదు వ్యాపారిని అతని జాతి పేరుతో ఎగతాళి చేస్తారు. ఆ నవ్వులో మనం పాలుపంచుకోవలసిన పని లేదు. బస్తర్‌లో ఉండేవారికి ఇది దూరపు సంగతి కాదు. అడవి ప్రాంతపు మనిషిని, ఆదివాసీని, వారి యాసను పట్నం ఎలా చిత్రిస్తుందో సినిమాల్లో చూస్తూనే ఉన్నాం. ఒక పాత నాటకంలో ఆ చిత్రణ ఎలా తయారవుతుందో గుర్తుపట్టడం నేర్చుకొంటే, కొత్త సినిమాలోనూ గుర్తుపట్టగలం.

5. రెండు ఉత్తరాలు

పల్లెటూరివారు ఎప్పుడూ ఓడిపోతారనుకోకండి. చదువుకు సంబంధించిన రెండు ఘట్టాలు ఈ నాటకాల్లో ఉన్నాయి. అక్షరాస్యతా కేంద్రంలో చదివించదగినవి.

మొదటిది ‘ది కంట్రీ వైఫ్’లో. అనుమానపు భర్త తన పల్లెటూరి భార్య మార్జరీని కూర్చోబెట్టి, ఆమెను ఇష్టపడిన పట్నం మనిషికి కఠినమైన ఉత్తరం రాయిస్తాడు. చెప్పినట్లు రాయకపోతే ముఖం మీద కత్తితో రాస్తానని బెదిరిస్తాడు. ఆమె రాస్తుంది. అతను పక్కకు వెళ్లగానే తన మనసులో ఉన్నది మరో కాగితం మీద రాసి, ఉత్తరాలు మార్చేస్తుంది. తన భార్య రాసిన ప్రేమలేఖను భర్తే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వస్తాడు. ఆమె చేసింది మంచా చెడా అన్నది వేరే చర్చ. ఒకరు చెప్పింది రాయడానికీ తన మాట తాను రాయడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత సూటిగా చూపిన ఘట్టాలు తక్కువ.

రెండోది ‘షీ స్టూప్స్ టు కాంకర్’లో. టోనీ లంప్కిన్ ఆస్తి ఉన్నవాడు, చదువు రానివాడు. అతనికి ఒక ఉత్తరం వస్తుంది. పైన ఉన్న తన పేరు చదవగలడు, లోపలి గొలుసుకట్టు రాత చదవలేడు. చదివిపెట్టమని తల్లికి ఇస్తాడు. ఆ ఉత్తరంలో ఉన్నది ఆమెకు తెలియకూడని రహస్యం. పన్నిన పథకమంతా బయటపడుతుంది. అయినా అదే టోనీ తన బుర్రతో తల్లిని చీకట్లో ఇంటిచుట్టూ బండిలో తిప్పి తిప్పి, ఇంటికి నలభై మైళ్ల దూరం వచ్చేశామని నమ్మించగలడు. చదువు వేరు, తెలివి వేరు. ఒకటి లేకపోతే రెండోది ఎక్కడ దెబ్బతింటుందో గోల్డ్‌స్మిత్ నవ్విస్తూనే చూపాడు. బ్యాంకు ఫారం మరొకరితో నింపించుకొన్నవారికి టోనీ ఇబ్బంది వివరించి చెప్పనక్కర్లేదు.

పెళ్లి అయినవారు ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ నాలుగో అంకం తప్పక చదవాలి. మిలమాంట్, మిరాబెల్ పెళ్లికి ముందు ఎదురెదురుగా నిలబడి షరతులు చెప్పుకొంటారు. తన గదిలోకి అనుమతి లేకుండా రాకూడదు, తనకు నచ్చినవారికి ఉత్తరాలు రాసుకొంటాను అంటుంది ఆమె. ఆ కాలపు ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ సొమ్ము మీద అధికారం సాధారణంగా భర్తదే. ఆ చట్టం గట్టిగా మారడానికి 1882 దాకా పట్టింది. చట్టం ఇవ్వనిదాన్ని ఆమె మాటతో సంపాదించుకోవాలని చూసింది. అందుకే ఆ సరదా సంభాషణ వెనుక గుబులు ఉంది.

6. ఆ డబ్బు ఎక్కడిది?

మూడో వాదం డబ్బు గురించి. ఈ నాటకాల్లో పాత్రలు ఏ పనీ చేయకుండా ఖర్చు పెడుతూ ఉంటాయి. ఆ సొమ్ము ఎక్కడనుంచి వచ్చిందని అడగండి. కొన్నిసార్లు జవాబు మన దగ్గరే దొరుకుతుంది.

‘ది స్కూల్ ఫర్ స్కాండల్’లో సర్ ఆలివర్ తూర్పు దేశంలో సంపాదించి చాలా ఏళ్లకు ఇంగ్లండ్ తిరిగివస్తాడు. తన సోదరుడి కొడుకులైన ఇద్దరిలో ఎవరు మంచివాడో మారువేషంలో పరీక్షిస్తాడు. నాటకంలో అతను దయగల ధనిక పెద్దాయన. ఆ ధనం ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. అంతకు ఐదేళ్ల ముందు, 1772లో, శామ్యూల్ ఫుట్ అనే నటుడు ‘ది నేబాబ్’ అనే ప్రహసనం వేశాడు. అందులో భారతదేశం నుంచి దోచుకొచ్చిన సొమ్ముతో వచ్చినవాడు ఒక పాత కుటుంబాన్ని అప్పులతో లొంగదీసి వారి అమ్మాయిని పెళ్లాడాలని చూస్తాడు. మన ‘నవాబు’ అనే మాటే అక్కడ ‘నేబాబ్’ అయి తిట్టుగా మారింది.

సంవత్సరాలు గుర్తుంచుకోండి. ఉత్తర సర్కారులను మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారా ఈస్టిండియా కంపెనీ పొందింది 1765లో. నిజాంతో ఒప్పందం 1766లో. రాజమహేంద్రవరం, శ్రీకాకుళం ప్రాంతాల శిస్తు కంపెనీ ఖజానాకు చేరడం మొదలైన కాలం, లండన్ రంగస్థలం మీద ‘నేబాబ్’ నవ్వులు పూసిన కాలం ఒకటే. ఖనిజం ఎక్కడ తవ్వుతారు, లాభం ఎక్కడ చేరుతుంది అని ప్రతిరోజూ కళ్లెదుట చూసే బచేలి పాఠకుడు ఈ ప్రశ్నను లండన్ పాఠకుడికంటే ముందే పట్టుకొంటాడు.

షెరిడన్‌కు న్యాయం చేయాలి కాబట్టి ఇంకొక మాట. అతను పార్లమెంటు సభ్యుడయ్యాక 1787లో వారన్ హేస్టింగ్స్ మీద, అయోధ్య బేగముల సొమ్ము గుంజుకొన్న విషయమై, ఐదు గంటలకు పైగా ప్రసంగించాడు. 1788లో మొదలైన విచారణ 1795 దాకా సాగింది. చివరకు హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు. నాటకంలో అడగని ప్రశ్నను నాటకకర్త సభలో అడిగాడు. రచనను, రచయితను ఒకే గాటన కట్టకూడదని దీనివల్ల నేర్చుకోవచ్చు.

7. నవ్వుకు భయపడిన ప్రభుత్వాలు

నాటకం వట్టి కాలక్షేపమైతే ప్రభుత్వాలు దానికి భయపడవు. 1728లో ‘ది బెగ్గర్స్ ఒపెరా’ దొంగలను, జైలరును చూపిస్తూ, మంత్రులకూ వీరికీ తేడా ఏమిటని పాడించింది. జనానికి తెలిసిన వరసల మీదే పాటలు కట్టారు. మన బుర్రకథకులు, వీధినాటకాలవారు చేసే పనే అది. ఆ ఆట మొదటి ఏడాదే 62 ప్రదర్శనలు నడిచింది. దాని తరువాయి నాటకాన్ని వేయనివ్వలేదు. హెన్రీ ఫీల్డింగ్ వంటివారి వెక్కిరింతలు ముదరడంతో 1737లో లైసెన్సింగ్ చట్టం వచ్చింది. ప్రతి కొత్త నాటకాన్నీ ముందుగా అధికారికి చూపించాలి. ఫీల్డింగ్ నాటకాలు మాని నవలల వైపు మళ్లాడు. ఆ ముందస్తు తనిఖీ ఇంగ్లండ్‌లో 1968లో గాని పోలేదు.

అదే ఆలోచన ఓడెక్కి ఇక్కడికీ వచ్చింది. 1876లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో నాటక ప్రదర్శనల చట్టం చేసింది. స్వాతంత్ర్యం తర్వాత కూడా అది చట్టాల పుస్తకంలో మిగిలింది. 2018లో గాని రద్దు కాలేదు. తెలుగునాట సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకాన్ని 1940ల చివర మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ‘ది బెగ్గర్స్ ఒపెరా’ పాఠం చదివేటప్పుడు ‘మాభూమి’ గుర్తుకు రాకపోతే ఆ పాఠం సగమే చదివినట్లు.

8. ఎదుటివారి వాదం

ఈ అభిప్రాయానికి ఎదురు చెప్పేవారు ఉన్నారు. వారి మాట కూడా విందాం.

మొదటిది: “ఈ నాటకాలు అశ్లీలం.” ఈ మాట మనకంటే ముందు వాళ్లే అన్నారు. 1698లో జెరెమీ కాలియర్ అనే మతాచార్యుడు రంగస్థలం మీద పెద్ద పుస్తకమే రాసి దుమ్మెత్తిపోశాడు. అతని అభ్యంతరం పూర్తిగా అబద్ధం కాదు. ‘ది కంట్రీ వైఫ్’ ఇంట్లో పిల్లల మధ్య చదవదగినది కాదు. కానీ మీరు పెద్దవారు. చెడును చూపడం వేరు, మెచ్చుకోవడం వేరు. ఆ తేడా ఎక్కడ చెరిగిపోయిందో పట్టుకోవడమే విమర్శ.

రెండోది: “మాకు కావలసింది ఉద్యోగానికి పనికొచ్చే ఇంగ్లీషు.” ఇది బలమైన వాదం. నిజం చెప్పాలంటే, కాంగ్రీవ్ వాక్యాలు ఇంటర్వ్యూలో పనికిరావు. దరఖాస్తు రాయడం, ఫోనులో మాట్లాడడం వేరుగా నేర్చుకోవాలి. నాటకం అందుకు బదులు కాదు. అది నేర్పేది ఒక్కటే: ఎదుటివాడు ఒక మాట అన్నప్పుడు దాని వెనుక ఏం కావాలనుకొంటున్నాడో వినడం. ఆ నేర్పు ఏ ఉద్యోగంలోనైనా అక్కరకు వస్తుంది.

మూడోది: “ఇది పరాయి దేశపు కళ. మన కళలు మనకు చాలవా?” మన కళలు వదలమని ఎవరూ అనడం లేదు. బస్తర్‌లో భత్రా నాట ఉంది, ఛత్తీస్‌గఢ్ మైదానంలో నాచా ఉంది. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ (1923–2009) 1955లో లండన్ వెళ్లి నాటకవిద్య అభ్యసించారు. తిరిగివచ్చి ఇంగ్లీషు నాటకాన్ని అనుకరించలేదు. నాచా కళాకారులను తెచ్చి, వారి ఛత్తీస్‌గఢీ మాటతోనే ‘చరణ్‌దాస్ చోర్’ (1975) వంటి నాటకాలు నిలబెట్టారు. పరాయి విద్య నేర్చినవాడు తన యాసను వదలనక్కర్లేదని ఆయన జీవితమే చెబుతుంది.

ఒక్క సంఘటన చెప్పి ఈ భాగం ముగిస్తాను. జార్జ్ ఫార్కర్ ‘ది రిక్రూటింగ్ ఆఫీసర్’ 1706 నాటి నాటకం. 1789 జూన్ 4న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో దాన్ని మళ్లీ ఆడారు. ఆడినవారు నటులు కారు. శిక్షపడి ఓడల్లో అక్కడికి పంపబడ్డ ఖైదీలు. నాటకం ఎవరికోసం రాశారన్నది ఒకటి, ఎవరి చేతికి చిక్కిందన్నది మరొకటి.

9. ఎలా చదవాలి?

ఒంటరిగా చదివే అభ్యాసకులకు ఈ సూచనలు ఉపయోగపడవచ్చు.

(అ) ముందు కథ తెలుసుకోండి. పాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఎవరు ఎవరికి ఏమవుతారో గీతలు గీయండి. ఎవరి దగ్గర డబ్బు ఉందో పక్కన రాయండి.

(ఆ) నాటకమంతా ఒక్కసారి చదవాలని పెట్టుకోవద్దు. డ్యూటీ నుంచి వచ్చిన రోజు ఒక రంగం చాలు. దాన్ని పైకి చదవండి. ఇంట్లో ఇంకొకరు ఉంటే చెరొక పాత్ర తీసుకోండి. పలకడంలో తప్పులు వస్తే రానివ్వండి.

(ఇ) చదివిన రంగాన్ని మీ యాసలో చెప్పి చూడండి. శ్రీకాకుళం మాటలోనైనా సరే, హిందీ కలిసిన బచేలి తెలుగులోనైనా సరే. ఎక్కడ చెప్పలేకపోయారో అక్కడే అర్థం కాలేదని తెలుస్తుంది.

(ఈ) ప్రతి నవ్వు దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు నవ్వుతున్నారు? ఎవరిని చూసి?

(ఉ) గైడును చివర తెరవండి. మీరు అనుకొన్నదానికీ అందులో ఉన్నదానికీ తేడా ఉంటే, తేడా ఎందుకు వచ్చిందో రాయండి. ఈ నాటకాలకు గ్రంథస్వామ్య గడువు ఎప్పుడో తీరింది కాబట్టి మూలగ్రంథం ఉచితంగానే సంపాదించుకోవచ్చు.

సంగ్రహం

రెస్టరేషన్, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు నాటకాలు పెళ్లి, డబ్బు, భాష, పరువు అనే నాలుగు విషయాల చుట్టూ తిరుగుతాయి. వీరేశలింగం షెరిడన్‌ను నూట ముప్ఫై ఏళ్ల కిందటే మన సమస్యలకు వాడుకొన్నారు. ఈ నాటకాలను గౌరవంతో కంటే ప్రశ్నలతో చదవడం మేలు. పెద్దవయసులో చదువుకొనేవారికి పెళ్లి సంగతి, అప్పు సంగతి, నలుగురిలో మాట తడబడితే కలిగే సిగ్గు సంగతి స్వయంగా తెలుసు. ఇరవై ఏళ్ల కళాశాల విద్యార్థికి లేని ఆ అనుభవమే మీకు ఈ పాఠంలో పెట్టుబడి.

ఆలోచించి రాయండి

1. మిసెస్ మాలాప్రాప్, గిరీశం: ఇద్దరూ భాషను దేనికి వాడారు? పోల్చి పది వాక్యాలు రాయండి.

2. మార్జరీ ఉత్తరం, టోనీ ఉత్తరం: ఈ రెండు ఘట్టాలు చదువు గురించి ఏం చెబుతున్నాయి?

3. మిలమాంట్ పెట్టిన షరతులలో ఏవి నేటికీ అవసరమని మీరు భావిస్తున్నారు? మీరైతే ఇంకేవి చేరుస్తారు?

4. ఈ వ్యాస రచయిత అభిప్రాయంలో మీరు ఒప్పుకోని అంశం ఒకటి ఎంచుకొని, కారణాలతో ఖండించండి.